అప్‌డేట్: చప్పట్లు ఇక తెగడం లేదు

పాటల మధ్య చప్పట్లు ఎందుకు తెగుతున్నాయని పోయిన నెల ఇక్కడ అడిగాను, గుర్తుందా? అమెరికన్ ర్యాపర్ జే-జీ 2001లో ఎంటీవీ కోసం ద రూట్స్ బ్యాండ్‌తో కలిసి చేసిన ‘అన్‌ప్లగ్డ్’ లైవ్ ఆల్బమ్ సీడీని మా చిన్నాయన ఇచ్చాడు. ఎంపీ3లుగా మార్చి ఫోన్‌లో వేసుకుంటే, పాట మారే ప్రతిసారీ జనం చప్పట్లు ఠక్కున ఆగి మళ్లీ మొదలయ్యేవి. సీడీ పాడైందేమోనని ఒకటే టెన్షన్.

సీడీకి ఏమీ కాలేదు. మీలో ఒకరు చెప్పిందే నిజం. ఎంపీ3 శబ్దాన్ని 1,152 శాంపిళ్ల (శబ్దాన్ని క్షణక్షణం కొలిచిన అంకెల) ముక్కలుగా కోస్తుంది. పాట సరిగ్గా ముక్క అంచున ముగియదు కదా, మిగిలిన చోటును నిశ్శబ్దంతో నింపుతుంది. మొదట్లోనూ కొంచెం చేరుతుంది. సెకనులో చిన్న వంతే. ఒక్కో పాట విడిగా ఉండే ఆల్బమ్‌లో అది తెలియదు. లైవ్‌లో హోరు మధ్య పడితే మాత్రం అన్నంలో రాయిలా తగులుతుంది.

నిన్న సీడీని మళ్లీ ఫ్లాక్‌గా, అంటే శబ్దంలో ఏమీ పోకుండా దాచే ఫైళ్లుగా తీశాను. అందులో ఈ అతుకులుండవు. ప్లేయర్‌లో గ్యాప్‌లెస్ (పాటల మధ్య ఖాళీ లేకుండా వాయించే సెట్టింగ్) ఆన్ చేశాను. క్రాస్‌ఫేడ్ పెట్టమన్నవాళ్లకు థ్యాంక్స్, కానీ నాకది నచ్చలేదు. ఒక పాట తోక మీద ఇంకో పాట తల పడుతోంది.

రాత్రి కడపలో మా మేడ మీద, ఎండకు కాగిన గచ్చు ఇంకా వెచ్చగా ఉండగానే, మొదటినుంచి చివరిదాకా విన్నాను. కంప్యూటర్ బీట్ల బదులు ద రూట్స్ డ్రమ్మర్ క్వెస్ట్‌లవ్ చేత్తో వాయించిన డ్రమ్స్! గాయని మేరీ జె. బ్లైజ్ గొంతు కలిపే చోట ఒళ్లు జలదరించింది. చిన్నాయనకూ ఒక ఇయర్‌ఫోన్ ఇచ్చాను. పాట మారిన సంగతే ఆయనకు తెలియలేదు.