అల్ట్రాసౌండ్‌లో గడ్డ కనిపించింది, ముందు ఎమ్మారై తీయించుకోవాలా?

ప్రశ్న (నిద్రలేని వదిన):
నా వయసు 41. స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గోళీకాయంత గడ్డ చేతికి తగిలింది. మామోగ్రామ్‌లో ‘కణజాలం దట్టంగా ఉంది’ అని తప్ప ఇంకేమీ తేలలేదు. అల్ట్రాసౌండ్ రిపోర్టులో మాత్రం 14 మి.మీ. గడ్డ, ఒక పక్క అంచు నున్నగా లేదు, బైరాడ్స్ 4ఎ అని రాశారు. ఆ 4 చూసి నాలుగో స్టేజీ అనుకుని ఒక రాత్రంతా ఏడ్చాను. డాక్టరుగారేమో సూదితో బయాప్సీ చేద్దామన్నారు. మా ఆడపడుచు మాత్రం ‘ఎమ్మారై తీయించు వదినా, అందులో అంతా తేలిపోతుంది, సూది అక్కర్లేదు’ అంటోంది. నిజమేనా?

జవాబు (చీకటిగది):
అమ్మా, నేను రేడియాలజిస్టుని. రోజంతా చీకటిగదిలో ఈ పనే చేస్తాను. ముందు ఆ 4 సంగతి. అది స్టేజీ కాదు, రిపోర్టు రాసినవాళ్ల అనుమానం ఎంతో చెప్పే అంకె. 4ఎ అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతానికి పైన, 10 శాతం లోపు. అంటే ఎక్కువమందిలో మామూలు గడ్డే. అలాగని వదిలేయడానికి లేదు.

మెషీను పెద్దదైతే జవాబు కూడా పక్కాగా వస్తుందని చాలామంది అనుకుంటారు. ఈ రెండూ చూసేవి వేరు. అల్ట్రాసౌండ్‌లో గడ్డ లోపల నీళ్లున్నాయా, గట్టిగా ఉందా అన్నది తెలుస్తుంది. రూపం కూడా తెలుస్తుంది. అడ్డంగా పడుకున్న కోడిగుడ్డులా, అంచు నున్నగా ఉంటే మాకు నిశ్చింత. వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువై, అంచు ముళ్లుముళ్లుగా ఉంటే అనుమానం. ఎమ్మారైలో నరానికి గాడోలినియం మందు ఎక్కించి, అది ఎక్కడ ఎంత త్వరగా చేరుతోంది, ఎంత త్వరగా దిగిపోతోంది అని చూస్తాం. క్యాన్సర్ దాని కంటపడకుండా తప్పించుకోవడం తక్కువ. కానీ ఫైబ్రోఅడినోమా లాంటి మామూలు గడ్డలు కూడా అందులో మెరుస్తాయి, అదే చిక్కు.

మీ విషయంలో అసలు మాట ఇది. ఎమ్మారై బాగుందని వచ్చినా, అల్ట్రాసౌండ్‌లో పడిన అనుమానం చెరిగిపోదు, సూది తప్పదు. బాగోలేదని వచ్చినా సూదే. మరి మధ్యలో అదెందుకు? క్యాన్సర్ అని తేలాక ఎంత మేర పాకిందో చూడ్డానికి, రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచే బీఆర్‌సీఏ జన్యులోపం ఉన్నవాళ్లకు, సిలికోన్ ఇంప్లాంటు చిరిగిందేమో చూడ్డానికి ఎమ్మారైని మించింది లేదు.

బయాప్సీ కూడా అల్ట్రాసౌండ్ చూస్తూనే చేస్తారు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక, తెరమీద సూది తెల్లగీతలా గడ్డ దాకా వెళ్లడం మీకే కనిపిస్తుంది. ముక్క తీసినప్పుడల్లా స్ప్రింగు ‘టక్’మంటుంది. ఆ చప్పుడుకే జనం ఉలిక్కిపడతారు, నొప్పికి కాదు.

జవాబు (రెండోసారి చూశారు):
నాకు ముందే కుడివైపు క్యాన్సర్ అని తేలింది, ఆపరేషన్‌కి ముందు ఎమ్మారై తీశారు. బోర్లా పడుకోబెట్టి, రొమ్ములు కిందికి వేలాడేలా రెండు గుంటల్లో పెట్టారు. అరగంట పైనే కదలకూడదు. ముక్కు దురద పెట్టినా గోక్కునే దిక్కు లేదు. ఆ మెషీను చప్పుడు సంగతి చెప్పక్కర్లేదు.

అందులో ఎడమవైపు 6 మి.మీ. చుక్క కొత్తగా బయటపడింది! మళ్లీ అల్ట్రాసౌండ్. అప్పుడు బోర్లా, ఇప్పుడు వెల్లకిలా, దాంతో ఆ చుక్క చోటు మారిపోయి డాక్టరమ్మ చాలాసేపు వెతికారు. దొరికాక బయాప్సీ చేస్తే మామూలు ఫైబ్రోఅడినోమా. ఆ 9 రోజుల టెన్షన్ పగవాళ్లకీ వద్దు. కానీ అదే ఎమ్మారైలో కుడివైపు గడ్డ అల్ట్రాసౌండ్ చెప్పినదానికన్నా పెద్దదని తెలిసి, సర్జన్ ఆపరేషన్ ప్లానే మార్చారు. అందుకని తిట్టలేను. ఒకవేళ మీకు తీయించాల్సి వస్తే, అర్జెంటు కాకపోతే, నెలసరి మొదలైన 7 నుంచి 14 రోజుల మధ్య పెట్టమనండి. మిగతా రోజుల్లో మామూలు కణజాలం కూడా మెరుస్తుందట.

జవాబు (ఊరికే అడిగా):
ఇక మామోగ్రామ్ దండగన్నమాటే కదా?

జవాబు (చీకటిగది):
తొందరపడకండి. సన్నటి సున్నపు చుక్కలు మామోగ్రామ్‌లో కనిపించినట్టు అల్ట్రాసౌండ్‌లో కనిపించవు, ఎమ్మారైలో అసలే కనిపించవు. కొన్ని తొలిదశ క్యాన్సర్లకు ఆనవాలు ఆ చుక్కలే.

నిద్రలేని వదిన:
నిన్న బయాప్సీ అయిపోయింది. ఐదుసార్లు టక్‌మంది. మీరు ముందే చెప్పారు కాబట్టి నేను కదల్లేదు, పక్కన నిలబడ్డ మా ఆడపడుచే ఎగిరిపడింది. రిపోర్టుకి నాలుగు రోజులన్నారు. సూది గుచ్చినచోట కమిలింది, రాత్రి మాత్రం నిద్ర పట్టింది.