యానాం: 1962లో ఫ్రెంచి పౌరసత్వం కోరుకున్నవాళ్ల జాబితా ఎక్కడ దొరుకుతుంది?

అందరికీ నమస్కారం. మా తాతగారు యానాంలో పుట్టారు. 1954 నవంబరు 1నే యానాం పాలన ఫ్రెంచివాళ్ల నుంచి మన చేతికొచ్చినా, దాన్ని భారత్‌కు అప్పగిస్తూ 1956లో ఫ్రాన్స్‌తో చేసుకున్న ఒప్పందం అమల్లోకి వచ్చేసరికి 1962 ఆగస్టు 16 అయింది. (స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న తన వలస అల్జీరియా సంగతి తేలేదాకా ఫ్రాన్స్ పార్లమెంటు నాన్చిందంటారు, నాకూ అదే అనిపిస్తుంది.) ఆ తర్వాత ఆరు నెలల్లోగా రాసిచ్చినవాళ్లు ఫ్రెంచి పౌరులుగా ఉండిపోవచ్చు. తాతగారు అప్పటికి కాకినాడలో ఉద్యోగం. రాసిచ్చారని పెద్దత్తయ్య, లేదని నాన్న, ఇద్దరూ పట్టు వదలరు. మాకు పాస్‌పోర్టు ఆశేం లేదు, విషయం తేలితే చాలు. ఆ జాబితాలు ఇప్పుడు యానాంలో ఉన్నాయా, పుదుచ్చేరిలోనా, ఫ్రాన్స్‌లోనా? ఫ్రెంచి కాలపు జనన రిజిస్టరు నకలు తీయించుకున్నవాళ్లుంటే, దరఖాస్తు ఎవరికి పెట్టారో, ఏయే కాగితాలు అడిగారో చెప్పగలరా?