ధడానా, దడెమా? ట్రిమ్‌కి మాట వెతుకుతుంటే

కొత్తపైలట్: రిమోట్ విమానం నేర్చుకుంటున్నా. స్టిక్ వదిలేసినా ఎడమకి వాలిపోతుంటే, మా తమ్ముడు దాని కిందున్న చిన్న మీటని కుడికి నాలుగుసార్లు నొక్కి "ట్రిమ్ చేశా" అన్నాడు. తాతయ్య కొట్టు గుర్తొచ్చింది. నూనె తూచేముందు ఖాళీ డబ్బా ఒక తట్టలో, రాళ్ళు రెండో తట్టలో వేసి "ముందు ధడా కట్టు, ఆనక..." అనేవాడు. తర్వాతి మాట ఎవరికైనా తెలుసా?

యతిప్రాస: ధడా ఏమిటండీ? మా వైపు దడెం. ఆ ఒత్తు ఎక్కడిది?

పతంగి: హైదరాబాద్‌లో ధడానే. హిందీలోనూ అంతే.

యతిప్రాస: హిందీవాళ్ళు ఒత్తితే మనమూ ఒత్తాలా? పద్యంలో దొరికినా లాభం లేదులెండి. ద, ధలకి యతి చెల్లుతుంది, ఏది పెట్టినా అడిగేవాడుండడు.

కాటామాస్టారు: ఒత్తు వదిలేయండి, అర్థమే తప్పు. ధడా కట్టేది ఖాళీ గిన్నె బరువుకి. కాటాలోనే మొగ్గుంటే మా కొట్లో పాసంగం అనేవాళ్ళు. వంకర విమానంలోనే ఉంది కాబట్టి ట్రిమ్ అంటే పాసంగమే.

కొత్తపైలట్: మరి సబ్‌ట్రిమ్? సిగ్నల్ సరిగ్గా 1500 మైక్రోసెకన్ల దగ్గర, అంటే మధ్యలో ఉన్నా, సర్వో, అంటే రెక్క పలకల్ని కదిపే చిన్న మోటారు, దాని పళ్ళ తేడావల్ల పైనున్న ఆర్మ్ కాస్త పక్కకి కూర్చుంటుంది. అది నేలమీదే ప్రోగ్రామ్‌లో సరిచేస్తాం.

కాటామాస్టారు: సరుకు పోయకముందు చేసేది. అదీ ధడా! తేలిపోయింది.

పతంగి: ఏం తేలింది మాస్టారూ? ట్రిమ్ మరీ ఎక్కువ నొక్కాల్సి వస్తే దింపి, సర్వోని పలకతో కలిపే కడ్డీ, అదే పుష్‌రాడ్, పొడవు మార్చి, ట్రిమ్‌ని మళ్ళీ మధ్యకి తేవాలి. ఇక సీజీ, అంటే విమానం బరువు కేంద్రం, వెనక్కి పోయిందంటే ఏ ట్రిమ్మూ కాపాడదు. పాసంగం అని సర్దుకుపోతే కాటా బాగుపడుతుందా? అన్నట్టు, పతంగి వాలితే తేలిక వైపు గుడ్డపీలిక కట్టేవాళ్ళం. కన్నీ అంటారు. ట్రిమ్‌కి అదే సరైన మాట.

యతిప్రాస: మొగ్గు అంటే ఉద్యోగపర్వంలో తిక్కన కృష్ణుడిదండీ! నోట్లో సంధి మాటే, తూకం మాత్రం ఒక్కో క్లిక్కూ యుద్ధం వైపు. అదే నన్నయ గారైతే...

కాటామాస్టారు: నన్నయ జోలికి రాకండి.

కొత్తపైలట్: తమ్ముడు రిమోట్ మెమరీలో మోడల్ మార్చాడు. ట్రిమ్ ఏ మోడల్‌ది ఆ మోడల్‌కే అట, మళ్ళీ ఎడమకే పోతోంది. ఇంతకీ నా ప్రశ్న? ఆ మాట "సా" అని మొదలైనట్టు గుర్తు.

యతిప్రాస: "సా"నా, "శా"నా? సరిగ్గా గుర్తు తెచ్చుకోండి.