చలికాలంలో పండుగప్ప: నది మొగలో కృత్రిమ ఎరకు తగలడం లేదు, మీ అనుభవం చెప్పండి

మొగ ఒడ్డు:
వానాకాలం వెళ్లేటప్పుడు ప్రతి ఆటుకూ ఒక్క చేపైనా పడేది. చలి ముదిరాక గాలం విసిరి విసిరి భుజం నొప్పి పుట్టడమే మిగిలింది. నిన్న పొద్దున ఆరు నుంచి పది దాకా మొగలో నిలబడ్డాను, ఒక్కటీ తాకలేదు. ఎర అదే, పైన తేలేది. లాగే తీరూ అదే. చేప సముద్రంలోకి వెళ్లిపోయిందా?

నీటివాలు:
ఎక్కడికీ వెళ్లలేదండీ. పండుగప్ప వెచ్చని నీటి చేప. నీరు 20 డిగ్రీలకు దిగితే ఒళ్లు మందగిస్తుంది, తిన్నది త్వరగా అరగదు, అందుకని ఎరను వెంటాడదు. ముక్కు ముందుకు వచ్చి నిలిచినదాన్ని మాత్రం నీటితో సహా పీల్చుకుంటుంది. కాబట్టి ఎర అక్కడ ఆగాలి. మునగకుండా, తేలకుండా నీటి మధ్యలో నిలిచే రకం తీసుకోండి. ఉప్పునీటిలో అది కూడా నెమ్మదిగా పైకి వస్తుంది. నేను ముందు గాలం కాడకు సన్నని సీసం తీగ రెండు చుట్లు చుట్టి, ఒడ్డున నీటిలో వదిలి చూస్తాను. ఇంకా లేస్తుంటే మరో అరచుట్టు. ఆ తరువాత రెండు చిన్న కుదుపులు, పది అంకెలు లెక్కపెట్టేంత విరామం. మొన్న ఏడు దగ్గర దారం బెత్తెడు పక్కకు జరిగింది. చేతికి ఏమీ తెలియలేదు. రాడ్ ఎత్తితే 63 సెంటీమీటర్ల చేప.

మడచెట్టు:
ఎర సంగతి సరే, నన్నడిగితే పొద్దున్నే వెళ్లడం దగ్గరే పొరపాటు జరిగింది. రాత్రంతా చల్లారిన నీరు అది. ఆటుకు బయటపడ్డ నల్ల బురద మధ్యాహ్నం దాకా ఎండకు కాగుతుంది, పోటు నీరు దానిమీదికి ఎక్కి వేడెక్కుతుంది. తిరిగి ఆటు మొదలయ్యాక ఆ గోరువెచ్చని నీరు చిన్న కాలువల్లోంచి రొయ్యపిల్లలతో సహా దిగుతుంది. కాలువ నోట్లో, రంగు మారే గీత దగ్గర ఎర వేయండి. ఆటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కనుక, అది సాయంత్రానికి కలిసొచ్చే రోజులను ముందే చూసుకోండి.

నీటివాలు:
ఒప్పుకుంటాను. అయితే అష్టమి దగ్గరి రోజులే నాకు నచ్చుతాయి. నీటి ఉరవడి తక్కువ, ఎర నిలుస్తుంది.

మడచెట్టు:
నాకు అమావాస్య, పౌర్ణమి రోజులే మేలనిపించాయి. బురద ఎక్కువ మేర బయటపడితేనే కదా కాగేది. ఉరవడికి బరువైన జిగ్ హెడ్ (సీసం తల ఉన్న గాలం), దానికి మెత్తని రబ్బరు ఎర వాడతాను, అడుగున ఈడ్చినట్టు.

గవ్వ:
చిన్న హెచ్చరిక. మొప్ప మూత అంచు బ్లేడులా ఉంటుంది. పోయిన నెల ఒడ్డుకు రెండు బారల దూరంలో తల విదిలించింది, దారం తెగిపోయింది. ఎర నోట్లోనే ఉండిపోయిన ఆ చేప ఇంకా నా మనసులో మెదులుతోంది. ఎరకు ముందు కనీసం 40 పౌండ్ల బరువు ఆపే మందపాటి లీడర్ (చివరి దారం ముక్క) కట్టండి. ఇంకొక మనవి: పండుగప్పలు దాదాపు అన్నీ మొదట మగవే, పెరిగాక ఆడవిగా మారతాయి. సాధారణంగా 80 సెంటీమీటర్లు దాటినది గుడ్లు పెట్టే తల్లి. దయచేసి దాన్ని వదిలేయండి. తడి చేతులతో, పొట్ట కింద ఆసరా ఇచ్చి పట్టుకోండి. చల్లని నీటిలో అది తేరుకోవడానికి సమయం పడుతుంది, తనంతట తాను తోక ఆడించేదాకా నీటిలోనే నిలపండి.

మొగ ఒడ్డు:
అందరికీ కృతజ్ఞతలు. ఈరోజు మూడున్నరకు కాలువ నోటికి వెళ్లాను. నీటిలో చేయి పెడితే మొగకూ కాలువకూ తేడా స్పష్టంగా తెలిసింది. సీసం చుట్టిన ఎర, పది అంకెల విరామం. రెండు గంటల్లో ఒకే ఒక్క తాకిడి, 48 సెంటీమీటర్లు. వదిలేశాను. దారం జరగడం నిజంగానే కంటికి కనిపించింది, చేతికి తెలియలేదు. మడచెట్టు గారూ, మబ్బు పట్టిన రోజున కూడా ఆ కాలువ నోరే చూస్తారా, లోతు మలుపుకు మారతారా?

మడచెట్టు:
వరుసగా రెండు రోజులు ఎండ లేకపోతే లోతు మలుపుకే వెళ్తాను.