పాత పెడల్ స్టీల్ గిటార్: మూడో తీగ నిలవట్లేదు, పెడల్ వదిలినా స్వరం కిందికి దిగట్లేదు

మిషన్_మెకానిక్ (నెల్లూరు):

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట. కుట్టుమిషన్లు బాగుచేస్తా, ఆదివారం చర్చిలో హవాయిన్ గిటార్ వాయిస్తా. హవాయిన్ అంటే ఏదో అనుకోబాకండి, మామూలు గిటార్‌కే తీగలు ఎత్తు పెంచి ఒళ్లో పెట్టుకుని ఇనప కమ్మీతో వాయించేది. ముప్పై ఏళ్లనించీ అదే.

మా బావ డల్లాస్‌లో ఉండాడు. మొన్న సంక్రాంతికి వస్తా వస్తా ఒక పెడల్ స్టీల్ మోసుకొచ్చాడు, అంటే కాళ్ల మీద నిలబెట్టి కమ్మీతో వాయిస్తా, పెడల్ తొక్కి తీగ స్వరం మార్చే గిటార్. వాళ్ల వీధిలో ఒక పెద్దాయన గ్యారేజీ ఖాళీ చేస్తుంటే అడిగి తీసుకున్నాడంట. పెట్టెతో కలిపి 21 కిలోలు తూగింది, విమానంలో ఒక లగేజీ కింద పోయింది. పేరుపలక ఊడిపోయి మేకుల బెజ్జాలే మిగిలుండాయి, ఏ కంపెనీదో తెలీదు. ఒక మెడ, పది తీగలు, మూడు పెడళ్లు, మోకాలికి ఒకటే లివర్.

తిరగేసి చూస్తే నవ్వొచ్చింది. పవర్ మిషన్ కింద, బట్టని నొక్కిపట్టే ఫుట్ పైకి లేపేదానికి మోకాలితో తోసే కమ్మీ ఉంటది గదా, అచ్చం అదే. అడ్డంగా షాఫ్టు, దాని మీద బెల్ క్రాంకు, దాన్నించి సన్న రాడ్డు. కాళ్లు బిగించడం, పెడల్ బార్ తగిలించడం ఒక గంటలో అయిపోయింది. తర్వాతే చిక్కులు.

మూడో తీగ శ్రుతి చేస్తుంటేనే తెగిపోతుండాది, ఇప్పటికి ఐదు పోయినాయి. ఎడం చివర పెడల్ నొక్కి వదిలితే ఐదో తీగ మళ్లీ బి కి రాదు, పైనే ఆగిపోద్ది. తీగని వేలితో గట్టిగా లాగితే అప్పుడు దిగుద్ది. రెండు పెడళ్లూ కలిపి నొక్కితే, వాటికి సంబంధం లేని ఈ (E) స్వరం తీగలు కూడా రవ్వంత కిందికి పోతుండాయి. దూలం ఏమన్నా విరిగిందా?

ఆంప్లిఫయర్ కూడా తెచ్చాడు, వెనకాల 120 వోల్టులు అని ఉండాది. ఇంకా ప్లగ్గు పెట్టలా.

కీబోర్డు_బాబు:

అన్నా, నా కీబోర్డులో స్టీల్ గిటార్ టోన్ ఉంది, నొక్కితే చాలు. 😀

ఒంగోలు_ఆర్కెస్ట్రా:

బాబూ, నువ్వు ఆ టోన్‌తో వాయించు, మేం బయట టీ తాగొస్తాం.

అన్నా, ముందు ఆంప్లిఫయర్ సంగతి. మన 230 లో నేరుగా పెట్టావా, పొగే. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొను, ఆంప్లిఫయర్ వెనక రాసిన వాట్ల కంటే బాగా ఎక్కువ మోసేది.

తీగ విషయంలో రెండు ప్రశ్నలు. ఏ తీగ ఎక్కడ వేశావు? తెగింది ఎక్కడ, బిరడా దగ్గరా, ఛేంజర్ (పెడల్ నొక్కితే తీగని లాగే కుడి చివరి భాగం) వంపు మీదా? అదే ఆరో తీగకి ఐదో తీగ వేశానంటే కుదరదు, ఇది మామూలు గిటార్ కాదు.

మిషన్_మెకానిక్ (నెల్లూరు):

ఈడ అంగట్లో దొరికే మామూలు గిటార్ సెట్లు రెండు కొన్నా. సన్నది ఒకటో తీగ, ఆ తర్వాత వరసగా లావు. తెగేది ఛేంజర్ వంపు మీదే, ప్రతిసారీ అదే చోట.

ఒంగోలు_ఆర్కెస్ట్రా:

అదీ సంగతి! ఈ9 శ్రుతిలో, అంటే పది తీగల పెడల్ స్టీల్‌కి మామూలుగా పెట్టే వరసలో, అన్నిటికంటే హెచ్చు స్వరం మూడో తీగది, ఒకటోది కాదు. పైనుంచి వరస రాసుకో: ఎఫ్ షార్ప్, డి షార్ప్, జి షార్ప్, ఈ, బి, జి షార్ప్, ఎఫ్ షార్ప్, ఈ, డి, బి. మందాలు అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 13, 15, 11, 14, 17, 20, తర్వాత చుట్టిన తీగలు 26, 30, 34, 36. నువ్వు మూడోదానికి లావు తీగ వేసి జి షార్ప్‌కి ఎక్కిస్తున్నావు. లావైతే గట్టిగా నిలుస్తుందనుకుంటాం, కానీ అదే స్వరానికి లావు తీగని ఇంకా గట్టిగా బిగించాలి. పైగా పెడల్ దాన్ని ఇంకో అర స్వరం లాగుద్ది. 11 వేసినా అంచున ఉండే తీగే అది, పది పన్నెండు ఎక్కువే కొనిపెట్టుకో. అదే చోట తెగుతుందంటే వంపు మీద పాత తీగ కోసిన గాడి కూడా ఉంటది. 2000 నంబరు వాటర్ పేపర్ తీసుకుని తీగ పోయే దారినే రుద్దు, అడ్డంగా రుద్దొద్దు.

ఇక వెనక్కి రాకపోవడం. పదేళ్లు మూలన పడ్డ మిషన్ మూత తీస్తే నూనె ఎట్టా ఉంటది? నీకు నేను చెప్పేదేంది! పెడల్ పైకి లాగిన స్వరాన్ని వెనక్కి తెచ్చేది స్ప్రింగు కాదు, తీగ బిగువే. ఛేంజర్‌లో జిగురుంటే ఆ బిగువు చాలదు. వేలితో లాగితే దిగుతోందని నువ్వే రాశావు. సిగరెట్ లైటర్లో పోసే పెట్రోలు బ్రష్‌తో కొట్టి కడుగు, ఆరుబయట, దగ్గర్లో దీపం గీపం లేకుండా. ఆరాక మిషన్ నూనె ఇరుసుకి ఒక్కో చుక్క, అంతే. మోకాలి లివర్ స్వరాన్ని దించేదైతే దాన్ని వెనక్కి తెచ్చేవి స్ప్రింగులు, వాటి జోలికి పోవద్దు.

కడిగాక కూడా రాకపోతే కుడి చివర నైలాన్ నట్లు చూడు. అవి మరీ బిగిసి ఉంటే పెడల్ ముట్టుకోకపోయినా రాడ్డు లాగుతానే ఉంటది. కొంచెం వదులు చెయ్, ఖాళీ తీగని బిరడాతో శ్రుతి చెయ్, తర్వాత పెడల్ నొక్కి పట్టుకుని ఆ స్వరాన్ని నట్టుతో సరిచెయ్. నట్టుకి 3/16 అంగుళం గొట్టం పానా కావాలి. మన 5 ఎం.ఎం. పెడితే జారి నైలాన్ మూలలు అరిగిపోతాయి.

కావలి_శ్రుతి:

మిత్రులారా, మెకానిజం గురించి చెప్పాల్సింది చెప్పేశారు. శ్రుతి గురించి ఒక మాట.

ఈ ని షడ్జం అనుకోండి. ఖాళీ తీగల్లో ముఖ్యమైనవి స, గ, ప. ఎడం పెడల్ ఐదు, పది తీగల్లో పంచమాన్ని చతుశ్రుతి ధైవతానికి లేపుతుంది. మధ్య పెడల్ మూడు, ఆరు తీగల్లో అంతర గాంధారాన్ని శుద్ధ మధ్యమానికి లేపుతుంది. రెండూ నొక్కితే స, మ, ధ, అంటే ఏ (A) మేజర్ కార్డు (కలిసి మోగే స్వరాల గుంపు). కమ్మీ కదపకుండానే తీగ జారుతూ ఒక కార్డు ఇంకో కార్డైపోతుంది. 1954లో బడ్ ఐజాక్స్ అనే స్టీల్ వాద్యకారుడు వాయించిన రికార్డులో ఈ జారుడు విన్నాకే అమెరికాలో స్టీల్ వాద్యకారులు ఎగబడి పెడళ్లు తగిలించుకున్నారు. మీ గిటార్‌కి ఎడం చివరది ఐదో తీగని లేపుతోందంటే బడ్డీ ఎమన్స్ అనే వాద్యకారుడి పేరున్న పెడళ్ల వరస అన్నమాట. ఇంకో వాద్యకారుడు జిమ్మీ డే వరసైతే పెడళ్లు తలకిందులుగా ఉండేవి.

ఫోన్‌లో శ్రుతి చూపే యాప్ సూది మధ్యకొచ్చిందని గాంధారాన్ని అక్కడే ఆపకండి. తంబూరా మంద్ర షడ్జం మీటితే దానంతట అదే ఒక గాంధారం వినపడుతుంది కదా, అది సూది చూపే చోటుకి 14 సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) కింద ఉంటుంది. జి షార్ప్ తీగల్ని ఆ గాంధారానికి దించండి, ఈ తో కలిపి మీటితే నాదం అలల్లా ఊగడం ఆగిపోవాలి. చర్చిలో కీబోర్డుతో కలిపి వాయిస్తారు కాబట్టి మరీ పట్టుబట్టకుండా ఏడెనిమిది దగ్గర రాజీ పడండి.

రెండు పెడళ్లు నొక్కితే ఈ (E) తీగలు దిగడం రోగం కాదు. బిగువు పెరిగి చెక్క వంగుతుంది. కొంతమంది పెడళ్లు నొక్కిపట్టే ఈ ని శ్రుతి చేసుకుంటారు. మూడు నాలుగు సెంట్లైతే వదిలేయండి.

మిషన్_మెకానిక్ (నెల్లూరు):

ఆలస్యానికి ఏమనుకోబాకండి, పెళ్లిళ్ల సీజను, టైలర్లు ఊపిరాడనీలా.

తీగలు చెన్నై నించి తెప్పించా, వరస మార్చి వేశా. ఛేంజర్ కడిగితే బెల్లం పాకం లాంటి నల్ల జిగురు బయటికొచ్చింది, మా ఆవిడ దోసె పెనం తుడిచే గుడ్డ పోయింది, దానికి వేరే గొడవ. ఐదో తీగ ఇప్పుడు వదలంగానే దిగుతుండాది. నైలాన్ నట్లు ముట్టుకోనేలా.

గాంధారం మాత్రం కావలి పెద్దాయన చెప్పినట్టు దించితే, చర్చిలో పిల్లోడు కీబోర్డు మీద నించి వెనక్కి తిరిగి 'అంకుల్, శ్రుతి తగ్గింది' అన్నాడు. ఆరు సెంట్ల దగ్గర ఇద్దరం ఒప్పుకున్నాం.

ఒకటే మిగిలుండాది. ముప్పై ఏళ్లు కాలు కదపకుండా వాయించినోడిని, పాట మధ్యలో ఎడం పాదం దానంతట అదే పవర్ మిషన్ తొక్కినట్టు పూర్తిగా తొక్కేస్తుండాది. సగం నొక్కి ఆపేది ఎట్టా అలవాటు చేసుకోవాలి? మూడో తీగ ఇంకా తెగలా, ఇయ్యాలకి పదకొండో రోజు.