అల్యూమినియంలో సిలికాన్ కార్బైడ్ కలిపితే లాభమా, టూల్ ఖర్చుకే సరా?

ఫైనలియర్_మెక్:
ఎ356 అనే అల్యూమినియం మిశ్రలోహంలో 20 శాతం సిలికాన్ కార్బైడ్ పొడి కలిపి, స్టిర్ కాస్టింగ్‌తో (కరిగిన లోహంలో పొడిని కలియతిప్పి పోయడం) బ్రేక్ డిస్కు పోయాలని మా ప్రాజెక్టు. బలం పెరుగుతుంది, బరువు పోత ఇనుములో సగం కూడా ఉండదు. మా సారేమో "తర్వాత దాన్ని లేత్ మీద ఎవరు తిప్పుతారు?" అంటున్నారు. అంత కష్టమా?

లేత్‌వాలా:
మీ సారు సరిగ్గానే అడిగారు తమ్ముడూ. లేత్‌లో కోసే టంగ్‌స్టన్ కార్బైడ్ టిప్పు గట్టిదనం విక్కర్స్ కొలతలో సుమారు 1,500–1,800. నువ్వు కలిపే సిలికాన్ కార్బైడ్ రేణువు 2,500 దాకా ఉంటుంది. మనం లోహాన్ని కోస్తున్నాం అనుకుంటాం, అది టిప్పును ఎమరీ పేపర్‌లా అరగదీస్తుంటుంది. స్పీడు పెంచితే టిప్పు ఇంకా త్వరగా పోతుంది. తగ్గిస్తే అంచుకు లోహం అంటుకుని ఫినిష్ పాడవుతుంది. ఇలాంటి జాబ్ వస్తే టిప్పుల ఖర్చు ఎవరిదో తేలాకే రేటు చెప్తా.

పీసీడీ_పక్షం:
ఏ టూలుతోనో చెప్పకుండా కష్టమంటే ఎలా? పీసీడీ ఇన్సర్ట్, అంటే కృత్రిమ వజ్రపు టిప్పు, వేయండి. అదీ అరుగుతుంది కానీ కార్బైడ్ టిప్పుతో పోలికే లేదు. ధర వింటే గుండె గుభేలుమంటుంది, నిజమే. వేల భాగాలు తీసేవాళ్లకు మాత్రం ఒక్కోదానికి లెక్కేస్తే అదే చవక. పైగా కోసిన తుక్కు (చిప్పు) పొట్టిగా తెగుతుంది, మామూలు అల్యూమినియంలా టూలుకు చుట్టుకోదు.

లేత్‌వాలా:
వేల భాగాలు తీసేవాళ్లకు. ఈ అబ్బాయికి కావాల్సింది రెండు డిస్కులు.

పోతకొలిమి:
నా పేచీ "బలం" దగ్గరే. ఖాయంగా పెరిగేది బిగువు, అంటే వంగకుండా నిలిచే గుణం: దాని కొలత యంగ్స్ మాడ్యులస్ 70 గిగాపాస్కల్స్ నుంచి 100 దగ్గరికి వస్తుంది. అరుగుదల కూడా తగ్గుతుంది. ఎఫ్-16 యుద్ధవిమానం పొట్ట కింది చిన్న రెక్కలకు (వెంట్రల్ ఫిన్స్) 2024 రకం అల్యూమినియం రేకు తీసేసి 17.5 శాతం సిలికాన్ కార్బైడ్ ఉన్న 6092 రకం వేసింది కూడా బిగువు కోసమే. తన్యత బలం (లాగితే తెగకుండా ఓర్చే బలం) సంగతి వేరు. రేణువులు గుంపుకట్టినా, పోతలో గాలి చిక్కినా అది ఏమీ కలపని లోహం కంటే తక్కువ రావచ్చు. సాగే గుణం ఎలాగూ పడిపోతుంది. కాలేజీ రిపోర్టుల్లో హార్డ్‌నెస్ గ్రాఫు ఒక్కటే పైకి పోతుంటుంది, దాన్నే బలమని రాసేస్తారు.

ఇంకోటి, కరిగిన లోహాన్ని ఎక్కువ వేడి మీద ఎక్కువసేపు ఉంచితే అల్యూమినియం కార్బైడ్ పుడుతుంది. అది పెళుసు, తేమకు చెడుతుంది కూడా. సిలికాన్ దాన్ని అడ్డుకుంటుంది, సిలికాన్ ఎక్కువున్న ఎ359 మిశ్రలోహం మీద మొగ్గు అందుకే.

పీసీడీ_పక్షం:
లోటస్ ఎలీజ్ తొలి కార్లకు 1996లో ఇలాంటి డిస్కులే వేశారు కదా!

పోతకొలిమి:
వేశారు. తర్వాత పోత ఇనుముకు వెళ్లిపోయారు.

ఫైనలియర్_మెక్:
అయితే 10 శాతానికి తగ్గించనా అన్నా?

పోతకొలిమి:
తగ్గిస్తే బిగువూ తగ్గుతుంది. దానికంటే రేణువు సైజు చూసుకో, ముతకదైతే టిప్పు ఇంకా త్వరగా పోతుంది. అచ్చు కూడా అసలు కొలతకు దగ్గరగా చేయించు, కోయాల్సింది తక్కువ మిగలాలి.

లేత్‌వాలా:
బోల్టు రంధ్రాలకు ట్యాపింగ్ (లోపల మర కోయడం) ఉందా? ఉంటే నా షాపు వైపు రాకు.

ఫైనలియర్_మెక్:
ఐదు ఉన్నాయన్నా. డ్రాయింగ్ మార్చి మర లేని త్రూ హోల్స్ (ఆరపార రంధ్రాలు) పెడతా.