షేక్‌స్పియర్ కోట్ ఆఫ్ ఆర్మ్స్: ఏ బొమ్మ సరైనది?

ప్రశ్న: స్కూలు నాటకానికి షేక్‌స్పియర్ కోట్ ఆఫ్ ఆర్మ్స్ (డాలు ఆకారంలో ఉండే అధికారిక చిహ్నం) అట్ట మీద వెయ్యాలి. నెట్‌లో బొమ్మలు ఒక్కోటి ఒక్కోలా ఉన్నాయి. ఏది నమ్మాలి? ఆ ఇంటిపేరు ఉన్నవాళ్ళందరిదీ ఇదేనా?

జవాబు 1: బొమ్మని కాదు, మాటల్లో రాసిన వర్ణనని నమ్మండి. హెరాల్డ్రీలో, అంటే ఈ చిహ్నాల పద్ధతిలో, చెల్లేది అదే. బంగారు డాలు, దాని మీద ఏటవాలుగా నల్లపట్టీ, పట్టీలో బంగారు ఈటె, మొన మాత్రం వెండి. డాలు పైన రెక్కలు విప్పిన వెండి డేగ, అది పట్టుకున్న ఇంకో ఈటె.

పట్టీ మనకి ఎడమ పైమూల నుంచి కుడి కిందికి దిగాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. హెరాల్డ్రీలో కుడి ఎడమలు డాలు పట్టుకున్నవాడివి, చూసేవాళ్ళవి కావు. బంగారానికి పసుపు, వెండికి తెలుపు వాడొచ్చు. పసుపు మీద నేరుగా తెలుపు వెయ్యకండి, దూరానికి ఆనదు. నల్లపట్టీ ఉన్నది అందుకే.

జవాబు 2: ఇంటిపేరుది కాదండీ. 1596లో ఇచ్చింది విలియం తండ్రి జాన్‌కి. ఇంగ్లండులో దీన్ని మనిషికి ఇస్తారు, అతని మగ సంతతికి దక్కుతుంది. మనలో ఇంటిపేరు కలిసినా గోత్రం కలవకపోవచ్చు కదా, అలాగే. హక్కు అడిగేవాళ్ళు తండ్రి, తాత, ముత్తాతలకి తరం తరానికీ రికార్డులు చూపించాలి. లండన్‌లో ఇది చూసేది కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ అనే సంస్థ. ‘మీ ఇంటిపేరు ముద్ర’ అని అమ్మే ఫ్రేములు గోడకి అలంకారం, అంతే.

ప్రశ్న: డేగ ముఖం ఎటు?

జవాబు 1: వేరే చెప్పకపోతే కుడివైపే. అంటే మనకి ఎడమ.